ఉత్తెత్తు

చిట్టా 61

మొదటి సైరన్ కాగానే స్కోరు చేసే ముగ్గురినీ వరసగా కూర్చోబెట్టి చేతులు చూశాను. చూడడమంటే కంటితో కాదు. స్టీలు పళ్లెంలో బియ్యం, కందులు, పెసలు కలిపి పోస్తాను. కళ్లకు గంత కట్టుకుని, బంతి వేసే చేత్తో వాటిని మూడు కుప్పలు చెయ్యాలి. వేళ్లలో స్పర్శ ఉంటే చకచకా అయిపోతుంది. తగ్గితే పెసలు పోయి కందుల్లో పడతాయి. ఈ రోజు కౌసల్య కొంచెం తప్పింది, అనసూర్య ఇంకొంచెం. నర్మద ఒక్క గింజ కూడా తప్పలేదు. నాకు కడుపు నిండినట్టయింది.

మణికట్టులో గురి పెట్టించుకున్న వాళ్లకు ఇది రోజూ తప్పని పని. గురి అంటే బియ్యపు గింజంత యంత్రం. బంతి వెయ్యడానికి చెయ్యి లేస్తే అది మేలుకుని వేళ్లను సరిచేస్తుంది, బంతి రింగులో పడుతుంది. అందుకు కూలిగా వేళ్ల కొసల్లో స్పర్శను కాస్త మాడ్చుకుంటుంది. నిద్రపోయి లేస్తే చాలావరకు తిరిగి వస్తుంది. మితిమీరి వాడితే రాదు. గురి లేని ఆటకు ఇప్పుడెవరూ టికెట్ కొనరు కాబట్టి ప్రతి జట్టుకూ ఒక వంతులవాడు ఉంటాడు. స్కోరు చేసేవాళ్లలో ఎవరు ఎన్ని బంతులు వెయ్యాలో బెంచీ మీద నుంచి సైగ చేసేవాడు. ఆరో ఇంక్లైన్ గని జట్టుకు వంతులవాణ్ని నేను, రాజలింగును. జట్టులో పిల్లలంతా కాకా అంటారు.

ఈ చిట్టా రోజూ రాయాలని కమిటీ ఉత్తర్వు. రాసినదాన్ని ఎవరూ చదవరు. అందుకే నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటున్నాను.

అంబలి తాగే దగ్గర కౌసల్య మొదలుపెట్టింది. మా జట్టులో చెయ్యి ఎంత వేగమో నోరు అంతకు రెండింతలు.

"కాకా, నిన్న ఆటంత గలిపి నాకెన్ని బంతులచ్చినయో యాదికున్నదా?"

"నీ వంతుకు ఎన్ని రావాల్నో అన్ని అచ్చినయ్."

"అవతలోళ్లకు మోకాళ్లు వంగుతలేవు. నన్ను ఇడిసిపెడితే ఆటంత నేనే ఏద్దును. నువ్వేమో దావత్ల ముక్కలేసినట్టు తలా ఇంత, తలా ఇంత అంటవ్."

తిడుతున్నాననుకుని అంది కానీ నాకది పొగడ్తలాగే వినిపించింది. మా అమ్మ దావతుల్లో కూర వడ్డించేది. బొక్క ఎవరికి పడింది, మెత్తటి ముక్క ఎవరికి పడింది అని పంక్తి మొత్తం గుర్తుపెట్టుకునేది. తక్కువైందని అలిగి ఆమె పంక్తిలోంచి లేచినవాడు లేడు. గరిటెలో ఉన్నదాన్ని చూడొద్దు, విస్తట్లో పడినదాన్నే లెక్కపెట్టు అని నాకు నేర్పింది. నేనూ అంతే. చేతిలోంచి వెళ్లిన బంతినే లెక్కపెడతాను. ఈ పద్ధతి మీద నాలుగేళ్లుగా మా జట్టులో ఒక్క చెయ్యి కూడా చెడలేదు. పక్క గని గంగొడ్డు జట్టులో ఇద్దరు పిల్లలు చొక్కా గుండీలు పెట్టుకోలేక ఇంటికి పోయారు. వాళ్ల వంతులవాడు నాకు ఎదురొస్తే నేను మాట్లాడను.

చిట్టా 64

ఈ రోజు ఆట లేదు. హాలు తుడిపించాను. ఆరో ఇంక్లైన్ మొత్తంలో బంతి పైకి లేవడానికి చాలినంత ఎత్తు ఉన్నది ఈ హాలు ఒక్కటే. బొగ్గు తీసిన రోజుల్లో పెద్ద మిషన్లు నిలిపేవాళ్లట. పైన ఎండకు మనిషి నిలవలేక జనం కిందికి దిగినప్పుడు, మిగతా సొరంగాలు, అంటే గ్యాలరీలన్నీ ఇళ్లయ్యాయి, ఇది ఆటకు మిగిలింది. నేల మీద రోజూ సన్నటి నలుపు పేరుకుంటుంది. తడిగుడ్డ పెట్టకపోతే పిల్లల కాళ్లు జారుతాయి.

మధ్యాహ్నం పోశం టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చాడు. పోశం నర్మద భర్త. కొత్త గ్యాలరీలు తవ్వే పనిలో దుమ్ము మింగి మింగి ఊపిరితిత్తులు పాడయ్యాయి. వాళ్ల గది నుంచి హాలు దాకా వంద అడుగులు లేవు, అయినా మధ్యలో గోడ పట్టుకుని ఆగి వస్తాడు. ఆ గది గాలిబావి పక్కనే ఉంటుంది. పైనుంచి చల్లబరిచి పంపే గాలి మొదట తగిలేది అక్కడే. స్కోరు చేసే ముగ్గురికే ఆ గదులు ఇస్తారు. జట్టులోంచి పోతే వారంలో ఖాళీ చేసి అడుగు గ్యాలరీకి దిగాలి. అడుగు గ్యాలరీలో వేడికి గట్టివాళ్లే రొప్పుతారు. పోశం అక్కడ ఎన్నాళ్లు ఉంటాడో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అందుకే నర్మద చెయ్యి అంటే నాకు ప్రత్యేకంగా భయం. ముగ్గురిలో ఆమె చెయ్యే మెత్తన, త్వరగా మాడే రకం. పోగొట్టుకుంటే ఆమెకు పోయేది ఒక్క చెయ్యి కాదు. కిందటి సీజన్‌లో ఆమె గింజలు తప్పడం మొదలుపెట్టినప్పుడు నేను ఒక ఉపాయం చేశాను. ఆమె షాట్ అంత అందమైన షాట్ ఈ లీగ్‌లో లేదు. ఆమె చెయ్యి లేచిందంటే ఎదుటి జట్టులో ఇద్దరు గాల్లోకి ఎగురుతారు. ఆ ఎగిరిన క్షణంలో బంతిని కౌసల్యకో అనసూర్యకో అందిస్తే చాలు, అడ్డు ఎవరూ ఉండరు. కాబట్టి నర్మదను వెయ్యొద్దన్నాను. వేస్తున్నట్టు ఎత్తమన్నాను. దానికి మేము ఉత్తెత్తు అని పేరు పెట్టుకున్నాం. ఆటకు మూడో నాలుగో నిజం బంతులు వేస్తుంది, మిగతావన్నీ ఉత్తెత్తులే. అప్పటి నుంచి ఆమె గింజలు తప్పలేదు.

"కాకా, ఇయ్యాల బెండకాయ పులుసు" అని పోశం నాకో గిన్నె పక్కకు తీసిపెట్టాడు. "మా ఆమెను నువ్వే కాపాడినవ్. గిదన్న తిను."

తిన్నాను. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట చెప్పలేదు.

చిట్టా 68

గెలిచాం. నర్మద చెయ్యి లేచినప్పుడల్లా ఎదుటివాళ్లు పెళ్లిలో పిల్లల్లా గెంతారు. మా జట్టులో బంతి అందించే ఇద్దరిలో ఒక పిల్ల కూడా పాసులు మాని నిలబడి చూసింది. హాలంతా ఈలలు. అనసూర్యకు బంతి అందేసరికి ఆమె ఎదురుగా ఖాళీ నేల తప్ప ఏమీ లేదు. అనసూర్య ముగ్గురిలో చిన్నది, మాట తక్కువ, చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ముగ్గురి వంతులూ సరిగ్గా వచ్చాయి. ఇలాంటి రోజున నాకు నేనే శాలువా కప్పుకోవాలనిపిస్తుంది.

ఆట తర్వాత బెంచీ మీద అనసూర్య నర్మదకు జడ వేస్తోంది. ఈ మధ్య రోజూ వేస్తోంది. కూర కలిపి ముద్దలు కూడా పెడుతోంది.

"రాణిగారికి చేతులు లేవా? అది దాసీదా?" అన్నాను.

"అది ఏస్తె సక్కగుంటది కాకా" అని నర్మద నవ్వింది. అనసూర్య తలెత్తలేదు.

వెళ్లేటప్పుడు నర్మద మంచినీళ్ల గ్లాసు వదిలేసింది. పట్టుకున్నాననుకుందట. అలసట అనుకున్నాను. సెమీఫైనల్‌కు ముందు ఒక రోజు విశ్రాంతి ఇస్తానని చెప్పాను.

చిట్టా 72

పళ్లెం లేదు. కమిటీ వాళ్లింట్లో దావతు అని వంటశాల నుంచి ఉన్న స్టీలు సామానంతా పట్టుకుపోయారు, నా పళ్లెంతో సహా. సరేలెమ్మని తువ్వాల పరిచి దాని మీద గింజలు పోశాను. కౌసల్య విసుక్కుంటూనే కుప్పలు చేసింది. అనసూర్య చేసింది.

"పళ్లెం అచ్చినంక చేస్త కాకా" అంది నర్మద.

"గింజలు గవే గదా. కూసో."

కూర్చుంది. గంత కట్టుకుంది. ఒక గింజ తీసి తువ్వాల మీద వదిలింది. తల కొంచెం వంచింది. మళ్లీ తీసి మళ్లీ వదిలింది. నాకు చిరాకొచ్చి తొందరగా కానిమ్మన్నాను. మెల్లగా మూడు కుప్పలు పెట్టింది. మూడింట్లోనూ మూడు రకాలూ ఉన్నాయి.

"ఇదేంది నర్మదా?"

గంత విప్పకుండానే చెప్పింది. "చప్పుడు రాలే కాకా."

ఇన్నాళ్లూ వేళ్లతో కాదు, చెవులతో వేరు చేసింది. కంది గింజ స్టీలు మీద పడితే ఒక చప్పుడు, పెసర పడితే ఇంకోటి, బియ్యానికి అసలు ఉండీ లేనట్టు. నేను ఎదురుగా కూర్చుని చూస్తూ, భలే భలే అనుకున్నాను. తువ్వాల మీద అన్నీ ఒకటే అయ్యాయి.

సూది తెచ్చాను. కొసన గుచ్చాను, కదలలేదు. రెండో కణుపు దగ్గర గుచ్చాను. అరచేతిలో గుచ్చాను. మణికట్టు దాటాక గానీ ఆమె ముఖం ముడుచుకోలేదు. వేళ్ల లోపలి వైపు నాలుగు పాత బొబ్బలు. వేడి గిన్నె పట్టుకుందట, తెలియలేదట.

"ఎన్నొద్దులాయె?"

"మొదాలు కొసలకే ఉండె. ఈ సీజన్ల పైకెక్కింది."

"నాకెందుకు చెప్పలే?" అని అరిచాను. నిజంగానే అరిచాను, అప్పుడే పక్క గదిలోకి వెళ్లిన కౌసల్యకు వినబడుతుందని కూడా చూడలేదు.

"చెప్తె గది పోతది. కింద పోశం ఒక్క నెల సుత బతుకడు. నీకు తెల్వదా?"

తెలుసు. ఆ మాట వదిలేసి ఇంకోటి పట్టుకున్నాను. "అందరికన్న తక్కువ బంతులు నీకే ఇచ్చిన గద బిడ్డా. ఎట్ల పోతది చెయ్యి?"

"నాకేం ఎర్క కాకా. నువ్వు ఎత్తుమన్నవ్. ఎత్తిన."

అనసూర్య మూలన నిలబడి ఏడుస్తోంది. ఆమెకు ముందే తెలుసు.

చిట్టా 73

గురి చెడిపోయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉంది. ఒకటి రెండు చోట్ల ఇలా జరిగిందని విన్నాను కూడా. సరిచూసుకోవడానికి హాలులోకి అనసూర్యను పిలిచాను. ఆమె మణికట్టు మీద నా రెండు వేళ్లు ఆనించి బంతి వెయ్యమన్నాను. చెయ్యి లేచింది. చర్మం కింద చురుక్కుమని ఒక వేడి తగిలింది. ఆ తర్వాత బంతి వెళ్లింది.

ఆ తర్వాత. నేను మళ్లీ వేయించాను. వేడి ముందు, బంతి వెనక.

"ఇప్పుడు ఎయ్యకు. ఉత్తగ ఎత్తు" అన్నాను.

ఎత్తింది. బంతి ఆమె చేతిలోనే ఉంది. చర్మం కింద అదే చురుకు, అంతే వేడి. ఇంకోసారి ఎత్తమన్నాను, ఇంకోసారి. నా పిచ్చి గానీ ఎన్నిసార్లు ఎత్తినా అది అలాగే ఉంటుంది.

"కాకా, ఏళ్లు జుమ్మంటున్నయ్" అంది.

చాలన్నాను. నేల మీద కూర్చున్నాను. గురికి బంతితో పనిలేదు. వెయ్యాలని చెయ్యి లేచిందా లేదా అన్నదే దానికి తెలుసు. నర్మద ఉత్తెత్తు ఎదుటివాళ్లు నమ్మేంత నిజంగా ఉంటుంది కాబట్టి గురి కూడా నమ్మింది. ఆటకు మూడు నాలుగు బంతులు అని నేను చిట్టాలో రాసుకుంటూ ఉంటే, ఆమె చెయ్యి మిగతా ఇద్దరివీ కలిపిన దానికన్నా ఎక్కువసార్లు కాలింది. సీజన్ మొత్తం. ఆమెను కాపాడుతున్నానని గిన్నెలో పులుసు కూడా పెట్టించుకుని తిన్నాను.

మా అమ్మ నేర్పింది నిజమే, ఆమె గరిటెకు. గరిటె ఎత్తినంత మాత్రాన కూర అయిపోదు. ఆ చిన్న తేడా నాకు ఇన్నాళ్లూ తట్టలేదు.

చిట్టా 74

కమిటీ గదికి వెళ్లి చైర్మన్ కనకయ్య సారుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నర్మద పేరు చెప్పకుండా చెబుదామనుకున్నాను కానీ జట్టులో ఉత్తెత్తులు చేసేది ఇంకెవరు? గది తియ్యొద్దని మొదటే మాట తీసుకున్నాను. ఆయన తలూపాడు. కనకయ్య సారు చెడ్డవాడు కాదు. ఎవరి మాటనైనా పూర్తిగా వింటాడు. వినేటప్పుడు కళ్లద్దాలు తుడుచుకుంటాడు.

"గురి తీసేస్తె?"

"మాడింది రాదు సారూ. ఉన్నది సుత పోతది."

"అంటె ఆ అమ్మాయి చెయ్యి పోయినట్టేనా?"

"మణికట్టు దాక పోయింది."

"పోయిన చేతికి ఇంకేం పోతది లింగు? ఉన్న రెండాటలు ఆడియ్యరాదు?"

"అది అక్కడ్నే ఆగది సారూ. పైకెక్కుతాంది. మోచెయ్యి, భుజం. భుజం దాటినంక ఏముంటదో ఎవ్వలకు తెల్వది. నేను ఆడియ్య."

"నువ్వు వంతులోనివి. నీ ఇష్టం" అన్నాడు. అద్దాలు పెట్టుకున్నాడు. ఉత్తెత్తులు అన్ని జట్లలోనూ ఆపించమని అడిగాను. లీగ్ వాళ్లకు చెబుతానన్నాడు. ఆయన ఇంత త్వరగా ఒప్పుకుంటాడని నేను అనుకోలేదు. వచ్చేటప్పుడు మనసు తేలికగానే ఉంది.

చిట్టా 77

సెమీఫైనల్. నర్మదను బెంచీ మీద కూర్చోబెట్టాను. ఆమె చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది పక్కవాళ్లదన్నట్టు చూసుకుంటూ కూర్చుంది.

ఎదుటివాళ్లకు ఎగరాల్సిన పని లేకుండా పోయింది. నలుగురూ పోయి కౌసల్య మీద, అనసూర్య మీద పడ్డారు. ఒక బంతి వెయ్యడానికి వాళ్లు మూడుసార్లు చెయ్యెత్తాల్సి వచ్చింది. ప్రతిసారీ ఎంత కాలుతోందో ఇప్పుడు నాకు తెలుసు. బెంచీ మీద కూర్చుని నేను ఎత్తులు లెక్కపెట్టాను. ఆపెయ్యమని సైగ చేశాను. కౌసల్య చూసింది, చూడనట్టు నటించింది. ఒక్క బంతి తేడాతో గెలిచాం.

మర్నాడు పొద్దున పళ్లెం బదులు తువ్వాల పరిచాను. కౌసల్య కుప్పలు కలిసిపోయాయి. ఆమె గంత తీసి చాలాసేపు వాటి వంక చూసింది. వేళ్లు పోతే పోతాయని నాలుగేళ్లుగా నాతో వాదిస్తున్న మనిషి ఈమే.

"కాకా, పండుకొని లేస్తె అస్తది గదా?"

"పండుకొని లేచినవ్ గదా బిడ్డా."

గింజల్ని మళ్లీ కలిపేసింది. కౌసల్య నోట మాట రాకపోవడం నేను చూడడం అదే మొదలు, నాకు భయమేసింది. అనసూర్య మాత్రం బయటికి వచ్చాక నా పక్కన నడుస్తూ నేల వంక చూసి మాట్లాడింది.

"నర్మదక్కను ఆడియ్యి అంటలేను కాకా. గని మావి సుత చేతులే గదా."

చిట్టా 79

ముగ్గురినీ పిలిచి కూర్చోబెట్టాను. ఫైనల్‌లో ఎవరిని మానిపించినా మిగతావాళ్ల మీద పడుతుంది, ఎవరూ మానకపోతే అందరికీ పోతుంది అని చెప్పాను. నర్మద ఆడతానంది. నేను కుదరదన్నాను. "నువ్వు మమ్ముల అడుగుతున్నవా, మాకు చెప్తున్నవా?" అని నర్మదే అడిగింది. చిట్టా తీసి ముగ్గురి మధ్యన పెట్టాను. చివరికి ముగ్గురూ ఆడేటట్టు, బంతులు కాకుండా ఎత్తులు లెక్కవేసి ముగ్గురికీ సమానంగా పంచేటట్టు ఒప్పుకున్నాం. ఎవరి వంతు అయిపోయినా బంతి చేతిలో ఉండగానే చెయ్యి దించెయ్యాలి. ఎదురుగా ఖాళీ ఉన్నా సరే.

చిట్టా 80

ఓడిపోయాం.

నాలుగో భాగం సగంలోనే ముగ్గురి వంతులూ అయిపోయాయి. ఆ తర్వాత పిల్లలు బంతిని ఒకరికొకరు అందించుకుంటూ నిలబడ్డారు. రింగు కింద అనసూర్య ఒంటరిగా ఉంది. చెయ్యెత్తితే పడేదే. నా వంక చూసింది. వద్దని తల అడ్డంగా ఊపాను. దించేసింది. హాలంతా నన్ను తిట్టింది. మా గ్యాలరీ వాళ్లే తిట్టారు. ఎవరో నీళ్ల సీసా విసిరితే భుజానికి తగిలింది.

ముగ్గురి చేతులూ చూశాను. కౌసల్యకు వేళ్లు సగం దాకా పోయాయి. అనసూర్యకు కొసలు. నర్మదకు మణికట్టు పైన ఇంకో రెండు వేళ్ల మేర. ఈ ఆట వరకు చూస్తే ఎవరికీ ఎక్కువ కాలలేదు, ఎవరికీ తక్కువ కాలలేదు. ఇంత సరిగ్గా నేను ఎప్పుడూ పంచలేదు.

చిట్టా 84

కనకయ్య సారు పిలిపించాడు. ఓడినందుకు తీసేస్తారనుకుని వెళ్లాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"నువ్వు చెప్పిన ముచ్చట మేమంత కూసొని ఆలోచించినం లింగు. ఇది మామూలు సంగతి గాదు. ఎత్తితెనే కాలుతదని లీగ్ మొత్తంల మనకొక్కరికే తెల్సు."

అంటే ఈయన లీగ్‌కు చెప్పలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

"నువ్వు మొన్న ఏం జేసినవ్? మూడు చేతులు సగం సగం చెడగొట్టినవ్, కప్పు సుత పోగొట్టినవ్. అదే ఒక్క చెయ్యి పూరాగ పోనిస్తె రెండు చేతులు పూరాగ మిగిలేటియి. గా లెక్క నీకెందుకు తట్టలేదో నాకు సమజైతలేదు. వచ్చే సీజన్ల ఒకరిని ఉత్తెత్తులకే పెడదం. ఎత్తుడే ఆమె పని. ఆ చెయ్యి పోయినంక ఇంకొకరు. అడుగు గ్యాలరీల పిల్లలకు కొదువా? గది ఇస్తమంటె ఉరికస్తరు. అన్ని చెప్పే పెట్టుకుందం, మోసం లేదు."

"నర్మద?"

"ఆ అమ్మాయిది ఐపాయె గదా. మాటిచ్చిన గని, కొత్త పిల్లకు గది కావాలె. నెలదాక ఉండనియ్యి."

నేను రాజీనామా చేస్తానన్నాను. చెయ్యమన్నాడు, కోపంగా కాదు, నిజంగానే అర్థం చేసుకున్నట్టు. "నువ్వు పోతె ఇంకొక వంతులోడు అస్తడు. పిల్ల చెయ్యి ఎక్కడిదాక పోయిందో రోజు సూదివెట్టి చూసే ఓపిక వానికుంటదా? నువ్వే ఆలోచించు."

ఆలోచించాను. ఆయన చెప్పినదాంట్లో ఎక్కడా తప్పు దొరకలేదు. అందుకే ఆయన మీద నాకు అసహ్యం పుట్టింది. ఆ లెక్క ఆయనకు నేర్పింది నేనే కాబట్టి నా మీద ఇంకా ఎక్కువ పుట్టింది.

చిట్టా 86

ముగ్గురు కొత్త పిల్లలు వచ్చారు. అడుగు గ్యాలరీ నుంచి మెట్లెక్కి వచ్చేసరికి ముఖాలు ఎర్రబడి ఉన్నాయి. చల్లగాలి తగలగానే ఒకమ్మాయి కళ్లు మూసుకుని నోరు తెరుచుకుని నిలబడింది. తర్వాత సిగ్గుపడి నవ్వింది. ముగ్గురికీ అన్నీ చెప్పారట. ముగ్గురూ ఒప్పుకునే వచ్చారు. ఒకమ్మాయి తల్లికి కడుపట, ఇంకోదానికి ముగ్గురు తమ్ముళ్లట. మూడో పిల్లను నేను ఏమీ అడగలేదు. బంతులిచ్చి వేయించాను. ముగ్గురూ బాగా వేస్తారు. ఎవరి చెయ్యి ఎత్తితే ఎదుటివాళ్లు నమ్ముతారో చూడాలి. నమ్మే చెయ్యి దొరికిందంటే ఆ చెయ్యి పోయినట్టే. ఇలాంటి పని చేస్తూ, అబ్బ ఎంత బాగా ఎత్తింది అని నా కన్ను దానంతట అదే మెచ్చుకుంటోంది.

వీళ్లలో ఉత్తెత్తులకు ఒకరి పేరు రేపటిలోగా ఇవ్వాలి.

చిట్టా 87

నర్మద నా గదికి వచ్చింది. సామాను సర్దుకుంటోందనుకున్నాను. అనసూర్య ఆమెకు అంతా చెప్పిందట.

"కొత్త పిల్ల ఎందుకు కాకా? పోయిన చెయ్యి నాది ఉన్నది గదా."

"వద్దు."

"నాది ఇంకా లేస్తది. ఎదుటోళ్లు ఇంకా ఎగురుతరు. మొన్న చూసినవ్ గదా."

"అది మణికట్టుకాడ ఆగది బిడ్డా. పైకెక్కుతది. భుజం దాటినంక ఏమైతదో ఎవ్వలకు తెల్వది. నీ గుండె ఎక్కడున్నదో తెల్సు గదా."

"తెల్సు." ఆమె కిందికి చూసి మాట్లాడలేదు, నా ముఖంలోకే చూసి మాట్లాడింది. "నేను మంచిదాన్నని అంటున్ననా? నాకు గది కావాలె. పోశం రాత్రి కూసోకుంట పండుకుంటాండు. పెండ్లయినంక ఇప్పుడే చూస్తున్న గట్ల పండుకునుడు. గా పిల్లలల్ల ఒక్కదాని చెయ్యి మిగుల్తది, అది సుత మంచిదే గదా. నువ్వెందుకు ఏడుస్తున్నవ్?"

నేను ఏడుస్తున్నానని ఆమె చెప్పాక తెలిసింది.

ఎన్ని విధాల చూసినా లెక్క ఆమె వైపే తేలుతోంది. కొత్త చెయ్యి ఒకటి మొదటి నుంచి మాడడం కన్నా, సగం మాడిన చెయ్యి ఇంకొంత మాడడం తక్కువ నష్టం. కనకయ్య సారు కూడా కాదనడు. పోశం బతుకుతాడు. ముగ్గురు పిల్లల్లో ఇద్దరిని స్కోరుకు తీసుకోవచ్చు, కౌసల్యకు విశ్రాంతి దొరుకుతుంది. అందరికీ ఎంతో కొంత దక్కే పంపకం ఇదొక్కటే. పంపకం తెలిసినవాడు ఎవడైనా ఇదే చేస్తాడు.

"ఒక షరతు" అన్నాను. "మోచెయ్యి దాక అచ్చిన రోజు నాకు చెప్పాలె. ఆ రోజే ఆపుత. గది పోయినా, కప్పు పోయినా, నన్ను తీసేసినా ఆపుత. చప్పుళ్లు విని చెప్పుడు కాదు. నిజం చెప్పాలె."

"చెప్త" అంది.

లేచింది. తలుపు దాకా వెళ్లి ఆగింది. ఎడం చేత్తో కుడి చేతిని పట్టుకుని, పైనుంచి కిందికి ఒకసారి నిమురుకుంది.

"గని కాకా, తెల్వకుంట పోవుడే గదా అది అచ్చుడంటే. అచ్చిందని నాకెట్ల తెలుస్తది?"

ఆమె వెళ్లాక కమిటీకి నర్మద పేరు రాసి పంపించాను.